సైరన్ మోగక ముందే

విద్యార్థులారా! మన రాష్ట్ర పటం ఒకటి తీసి ముందు పెట్టుకోండి. విశాఖపట్నం రేవు మీద పెన్సిలుతో ఒక చుక్క పెట్టండి. అక్కడి నుంచి నేరుగా పడమటికి గీత గీయండి. సుమారు 70 కిలోమీటర్లు వెళ్ళేసరికి ఆ గీత నర్సీపట్నం దగ్గరకు వస్తుంది. దాని పక్కనే, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు బలిఘట్టం. ఇప్పుడు సముద్రతీరాన రాంబిల్లి ఎక్కడుందో వెతకండి. అది బలిఘట్టానికి ఆగ్నేయంగా, సుమారు 40 కి.మీ. దూరంలో కనబడుతుంది.

విశాఖపట్నం మన తూర్పు నౌకాదళానికి ప్రధాన స్థావరం. అణుశక్తితో నడిచే జలాంతర్గామి ఆ రేవుకు 1988లోనే వచ్చింది. అది సోవియట్ యూనియన్ నుంచి అద్దెకు తెచ్చిన ఐ.ఎన్.ఎస్. చక్ర. 1991లో అది తిరిగి వెళ్ళిపోయింది. మన దేశంలోనే నిర్మించిన ఐ.ఎన్.ఎస్. అరిహంత్ 2009 జులై 26న విశాఖలో జలప్రవేశం చేసింది. రెండవదైన ఐ.ఎన్.ఎస్. అరిఘాత్ 2024 ఆగస్టు 29న నౌకాదళంలో చేరింది. రాంబిల్లి దగ్గర మరో నౌకాస్థావర నిర్మాణాన్ని కూడా చేపట్టారు.

రేవులో ఉన్న జలాంతర్గామిలో ఏదైనా ప్రమాదం జరిగిందనుకోండి. విశాఖలోని వారు ఏం చెయ్యాలి? రాంబిల్లి వారు ఏం చెయ్యాలి? అంత దూరాన ఉన్న బలిఘట్టం వారికి దీనితో ఏమైనా పని ఉందా? ఈ ప్రశ్నలకు జవాబులు ప్రమాదం జరిగిన రోజున వెతుక్కుంటే ఆలస్యమైపోతుంది. అందుకే ఏళ్ళకు ముందే కూర్చుని ఆలోచించి పెట్టుకుంటారు. అదే అణు అత్యవసర ప్రణాళిక.

ఆర్పినా చల్లారని పొయ్యి

జలాంతర్గామి రియాక్టరులో యురేనియం కేంద్రకాలు విచ్ఛిత్తి చెందుతాయి. ఆ వేడితో నీటిని ఆవిరి చేసి టర్బైన్లు తిప్పుతారు. నియంత్రణ కడ్డీలను లోపలికి దింపితే శృంఖల చర్య ఆగిపోతుంది. మరి పొయ్యి ఆరిపోయినట్లేనా? కాదు! చిక్కంతా ఇక్కడే ఉంది.

అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండేటప్పుడు చూసే ఉంటారు. పొయ్యిలోంచి మంట లాగేసినా పెనంలోని పాకం కొంతసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. కింద నిప్పులు ఉంటాయి కదా! రియాక్టరులోనూ అంతే. విచ్ఛిత్తిలో పుట్టిన ముక్కలు రేడియోధార్మిక పదార్థాలు. శృంఖల చర్య ఆగినా అవి వేడినిస్తూనే ఉంటాయి.

లెక్క వేసి చూద్దాం. చాలాకాలం 100 మెగావాట్ల వేడినిచ్చిన రియాక్టరును ఇప్పుడు ఆపామనుకోండి. మరుక్షణంలో ఇంకా 6 లేక 7 మెగావాట్ల వేడి పుడుతూనే ఉంటుంది. గంట తర్వాత అది సుమారు ఒకటిన్నర మెగావాట్లకు దిగుతుంది. ఒక రోజు తర్వాత కూడా దాదాపు అర మెగావాటు మిగులుతుంది. అర మెగావాటు అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు 500 ఒకేసారి వేడెక్కినంత! కనుక పంపులు ఆగకూడదు, నీరు తగ్గకూడదు, కరెంటు పోకూడదు. పోతే రెండో ఏర్పాటు, అదీ పోతే మూడో ఏర్పాటు సిద్ధంగా ఉండాలి. ప్రణాళిక వేసేవారు అడిగే మొదటి ప్రశ్న "అదీ పోతే?" అన్నదే.

రేవులోనే ఒక ప్రమాదం

1985 ఆగస్టు 10న సోవియట్ యూనియన్ తూర్పు తీరాన, వ్లాదివొస్తోక్ నగరానికి దూరంగా ఉన్న చాజ్మా అఖాతంలో కె-431 అనే జలాంతర్గామికి ఇంధనం మారుస్తున్నారు. అది సముద్రంలో లేదు, యుద్ధంలో లేదు. రేవులో కదలకుండా ఉంది. రియాక్టరు మూతను క్రేనుతో ఎత్తుతుండగా అది ఎత్తవలసినదానికన్నా పైకి లేచింది. దానితోపాటు నియంత్రణ కడ్డీలూ లేచాయి. క్షణంలో శృంఖల చర్య అదుపు తప్పి పేలుడు జరిగింది. పదిమంది అక్కడికక్కడే మరణించారు. రేడియోధార్మిక మేఘం సన్నని పట్టీలాగా గాలివాటున భూశిరం మీదుగా సాగిపోయింది. వ్లాదివొస్తోక్ నగరానికి అది చేరలేదు.

దీనినుంచి రెండు పాఠాలున్నాయి. ఒకటి: ఓడ రేవులో ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. మరమ్మతులు, ఇంధనం మార్చడం వంటి పనులప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. రెండు: మేఘం అన్ని వైపులకూ సమానంగా పోదు. గాలి ఎటు తోస్తే అటే పోతుంది.

పొగను చూసి నేర్చుకోండి

ప్రణాళికా బృందంలో రియాక్టరు ఇంజనీర్లు, రేడియేషన్ మోతాదులు కొలిచే భౌతిక శాస్త్రవేత్తలు, వైద్యులు ఉంటారు. వారితోపాటు వాతావరణ శాస్త్రం తెలిసినవారూ ఉండి తీరాలి. తీరప్రాంతంలో పగలు గాలి సాధారణంగా సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. రాత్రి నేల మీదనుంచి సముద్రం వైపు మళ్ళుతుంది. కనుక అదే ప్రమాదం పగలు జరిగితే ఒక రకం, అర్ధరాత్రి జరిగితే మరొక రకం. విశాఖలో కొండలు కూడా గాలిని మళ్ళిస్తాయి.

చలికాలం తెల్లవారుజామున మీ ఊళ్ళో పొయ్యిల పొగ చూడండి. పైకి లేవకుండా ఇళ్ళ మీదనే తెరలాగా పరుచుకుంటుంది. అదే పొగ ఎండెక్కాక సుడులు తిరుగుతూ పైకి లేచి విడిపోతుంది. 1961లో పాస్‌క్విల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, గాలి ఎంత నిలకడగా ఉందో చెప్పడానికి ఆరు తరగతులు ఏర్పరిచాడు. ఎండ, మబ్బు, గాలి వేగం చూసి తరగతి నిర్ణయిస్తారు. పొగలాంటిదేదైనా ఎంత దూరంలో ఎంత పలచబడుతుందో దానితో అంచనా వేయవచ్చు. అణు ప్రణాళికలోనూ ఇది పనికివస్తుంది.

ఇంకొక పని కూడా ముందే జరగాలి. ప్రమాదం లేని రోజుల్లో నేల, నీరు, పాలు, చేపలు తెచ్చి వాటిలో రేడియోధార్మికత ఎంతో కొలిచి రాసిపెట్టాలి. ఎందుకంటే రేడియేషన్ ప్రకృతిలో ఎప్పుడూ ఉంటుంది. ప్రపంచ సగటున ఒక మనిషికి ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్ట్ల మోతాదు సహజంగానే అందుతుంది. భీమునిపట్నం తీరపు ఇసుకలో థోరియం కలిగిన మోనజైట్ ఖనిజం ఉంది. ఈ సంగతి ముందే తెలియకపోతే అక్కడి కొలతలు చూసి లేని ప్రమాదాన్ని ఊహించుకునే అవకాశం ఉంది!

పరుగెత్తాలా? తలుపు వేసుకోవాలా?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో రసాయన కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. పన్నెండుమంది మరణించారు. ఆ సమయంలో హెచ్చరిక సైరన్ మోగలేదని విచారణ సంఘం తెలిపింది. ఆ విషవాయువు నుంచి వెంటనే దూరంగా వెళ్ళడమే మేలు. అణు ప్రమాదంలో మాత్రం చాలాసార్లు మొదటి ఆజ్ఞ దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది: "ఇంట్లోకి వెళ్ళండి. తలుపులు, కిటికీలు మూయండి. రేడియో వినండి." మేఘం తల మీదుగా పోతున్నప్పుడు రోడ్డు మీద ఉండేకన్నా పక్కా ఇంట్లో ఉంటే పీల్చే గాలిలోనూ, ఒంటికి తగిలే కిరణాల్లోనూ తగ్గుదల ఉంటుంది. ఏ ప్రమాదానికి ఏ ఆజ్ఞ అన్నది ముందే తేల్చిపెట్టాలన్నది ఇందుకే.

తరలింపు అవసరమైతే? అదీ ఉచితంగా రాదు. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా ప్రమాదం తర్వాత ఆసుపత్రుల నుంచి ముసలివారిని, రోగులను హడావుడిగా తరలించారు. ఆ ప్రయాణంలోనూ, ఆ వెంటనే కూడా పదుల మంది మరణించారు. వారిని చంపింది రేడియేషన్ కాదు. వైద్యం, వెచ్చదనం, నీరు అందకపోవడం. కనుక మంచి ప్రణాళికలో బస్సుల లెక్కతోపాటు మంచం దిగలేనివారి లెక్క కూడా ఉంటుంది.

స్థావరం గోడ లోపలి పని నౌకాదళానిది. గోడ బయటి ప్రజల విషయంలో జిల్లా కలెక్టరుదే ప్రధాన బాధ్యత. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షుడు కలెక్టరే. నౌకాదళం తన స్థావరాల ప్రణాళికలలోని వివరాలను బయట పెట్టదు. కాని సూత్రాలు మాత్రం అన్నిచోట్లా ఒకటే. బ్రిటన్‌లోని డేవన్‌పోర్ట్ నౌకాస్థావరం దగ్గర సైరన్‌ను ప్రతి సోమవారం మోగించి పరీక్షిస్తారు. దగ్గరి ఇళ్ళకు అయొడిన్ మాత్రలు ముందే పంచిపెడతారు.

ఉప్పు లెక్క

ఆ మాత్రలెందుకు? రియాక్టరు నుంచి వెలువడే పదార్థాల్లో అయొడిన్-131 ఒకటి. మన మెడలోని అవటు గ్రంథి అయొడిన్‌ను ఆబగా పీల్చుకుంటుంది. ఏది మంచిదో, ఏది రేడియోధార్మికమో దానికి తెలియదు. ముందుగానే మంచి అయొడిన్‌తో గ్రంథిని నింపేస్తే చెడ్డదానికి చోటుండదు. అందుకే మాత్రను మేఘం రాకముందు, లేదా వచ్చిన కొద్ది గంటల్లోపే, అధికారులు చెప్పినప్పుడు మాత్రమే వేసుకోవాలి.

"మన ఉప్పులోనూ అయొడిన్ ఉంది కదా?" అంటారేమో. 2011లో చైనాలో చాలామంది ఇలాగే అనుకుని ఉప్పు కోసం దుకాణాల మీద పడ్డారు. లెక్క చూడండి. పెద్దల మోతాదులో సుమారు 100 మిల్లీగ్రాముల అయొడిన్ ఉంటుంది. మన ఇళ్ళకు చేరే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలి. అంటే ఒక మాత్రకు సమానం కావాలంటే ఆరున్నర కిలోలకు పైగా ఉప్పు తినాలి! ఉప్పు వంటకే గాని ఈ పనికి కాదన్నమాట.

ఇక బలిఘట్టం సంగతి

మన దేశంలో అణు విద్యుత్ కేంద్రాల చుట్టూ అత్యవసర ప్రణాళికకు 16 కి.మీ. వలయం గీయడం ఆనవాయితీ. జలాంతర్గామి రియాక్టరు వాటికన్నా చాలా చిన్నది. మీ పటంలో ఈ వలయాన్ని విశాఖ చుట్టూ గీసినా, రాంబిల్లి చుట్టూ గీసినా బలిఘట్టం బయటనే ఉంటుంది. వరాహ నది కూడా బలిఘట్టం నుంచి సముద్రం వైపు పోయేదే గాని, సముద్రం నుంచి ఊళ్ళోకి వచ్చేది కాదు. కనుక మూటాముల్లె సర్దుకుని పరుగెత్తవలసిన ఊరు కాదిది. అలా పరుగెత్తితే నిజంగా కదలవలసిన వారికి రోడ్డు దొరకదు.

అయితే మనకు పనేమీ లేదా? ఉంది. అది పశువుల పాకలో ఉంది!

1957 అక్టోబరు 10న ఇంగ్లండులోని విండ్‌స్కేల్ రియాక్టరులో మంటలు బయటపడ్డాయి. ఊళ్ళు ఖాళీ చెయ్యలేదు. కాని సుమారు 500 చదరపు కిలోమీటర్లలోని పాలను పారబోయించారు. ఎందుకు? గాలిలోని అయొడిన్ పలచగా గడ్డి మీద పడుతుంది. ఆవు రోజంతా తిరిగి ఎంతో నేలమీది గడ్డిని మేస్తుంది. అదంతా పాలలో పోగవుతుంది. ఆ పాలు తాగేది పిల్లలు. వారి గ్రంథి చిన్నది కనుక మోతాదు పెద్దది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత ఇలాంటి పాలను సకాలంలో ఆపని చోట్ల ముందుముందు వేలమంది పిల్లలకు, యువకులకు అవటు గ్రంథి క్యాన్సర్లు వచ్చాయి. వాటిలో చాలాభాగం ఆపగలిగినవే.

అలాంటి రోజు బలిఘట్టంలో చెయ్యవలసింది ఎంత సులువో చూడండి. అధికారులు చెబితే పశువులను పాకలో కట్టేసి, ముందు కోసి కుప్ప వేసిన ఎండుగడ్డి వెయ్యాలి. బావి మీద మూత పెట్టాలి. పరీక్ష ముగిసేదాకా ఆకుకూరలు, పాలు వాడకూడదు. అయొడిన్-131 అర్ధజీవితకాలం 8 రోజులు. అంటే 80 రోజుల్లో పదిసార్లు సగమై, వెయ్యో వంతుకన్నా తగ్గిపోతుంది. అందుకే అలాంటి పాలను పొడిగా మార్చి నిలవ ఉంచితే కొన్నాళ్ళకు అయొడిన్ భయం తీరుతుంది. కాని సీజియం-137 అర్ధజీవితకాలం 30 ఏళ్ళు. అది ఉందో లేదో పరీక్షించాకనే ఏదైనా వాడాలి.

చూశారా! విశాఖ రేవులో తలుపు వెయ్యడం, రాంబిల్లిలో మాత్ర వేసుకోవడం, బలిఘట్టంలో ఆవును కట్టెయ్యడం. దూరాన్ని బట్టి పని మారుతుంది. ఎవరి పని వారికి ముందే తెలిసి ఉండాలి. తెలిసిన పనిని అప్పుడప్పుడు చేసి చూసుకోవాలి. కాగితం మీది ప్రణాళిక ఎవరినీ కాపాడదు. దానిని చదివి, అలవాటు చేసుకున్న మనుషులే కాపాడతారు.

చేసి చూడండి

1. గాలి రాంబిల్లి నుంచి బలిఘట్టం వైపు గంటకు 8 కి.మీ. వేగంతో వీస్తే మేఘం చేరడానికి ఎన్ని గంటలు పడుతుంది? ఆ వ్యవధిలో మీ ఇంట్లో ఏయే పనులు పూర్తి చెయ్యగలరు? వరుసగా రాయండి.

2. అయొడిన్-131 నలభై రోజుల్లో ఎన్నో వంతుకు తగ్గుతుంది?

3. వారం రోజులపాటు తెల్లవారుజామున, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే పొయ్యి పొగను గమనించి అది ఎటు, ఎలా పోతోందో పట్టిక రాయండి.

4. మీ వీధిలో తమంతట తాము నడవలేనివారు ఎంతమంది? ఏదైనా విపత్తు వస్తే వారిని ఎవరు చూసుకుంటారు? పెద్దలతో మాట్లాడి ఇప్పుడే తేల్చండి.