‘ఎప్పటిసంది ఇట్లనే’ అన్నారా? ఎందుకని అడగండి!

మీరు హెడ్ నర్సా? నర్సింగ్ సూపరింటెండెంటా? జగిత్యాల కానీ, కోరుట్ల కానీ, సిరిసిల్ల కానీ... లేబర్ రూమ్‌లో ఏ కొత్త పద్ధతి పెడదామన్నా మీకు ఎదురయ్యే జవాబు ఒకటే. “ఎప్పటిసంది ఇట్లనే చేస్తున్నం మేడం!”

అక్కడే ఆగండి. ‘ఎందుకు?’ అని అడగండి.

కాన్పుకొచ్చిన ప్రతి తల్లికీ షేవింగ్, ఎనిమా ఎందుకు? తొలి కాన్పు అనగానే కత్తెర ఎందుకు? ఇవి రొటీన్‌గా వద్దని 2018లోనే డబ్ల్యూహెచ్‌ఓ గైడ్‌లైన్స్ చెప్పాయి. తల్లికి నచ్చిన పొజిషన్‌లో కననివ్వమన్నాయి. ఆమె కోరుకున్న మనిషిని తోడుండనివ్వమన్నాయి. వీటికి కొత్త మెషీన్లు అక్కర్లేదు. మీరు గట్టిగా అనుకోవాలి, అంతే!

“మన దగ్గర నడవదు” అంటారా? కరీంనగర్ వైపు చూడండి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, ఫెర్నాండెజ్ హాస్పిటల్, యునిసెఫ్ కలిసి 30 మంది నర్సులకు మిడ్‌వైఫరీ ట్రైనింగ్ మొదలుపెట్టింది అక్కడే. వాళ్లూ మీలాంటి స్టాఫ్ నర్సులే. ముహూర్తం చూసి మరీ కోయించుకునే రాష్ట్రం మనది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. అలాంటి చోట మొదలుపెట్టారు!

ఇక మీ వంతు.

ఒక్క మార్పే పట్టుకోండి. తోడు మనిషితో మొదలుపెట్టండి.

డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడండి. ఆయమ్మతో కూడా! చాలామంది ఆమెను మర్చిపోతారు. తలుపు దగ్గర నిలబడి తోడొచ్చిన తల్లిగారిని బయటికి పంపేది ఆమే కదా.

రెండు టేబుళ్ల మధ్య కర్టెన్ ఉందా? లేకపోతే పక్క తల్లికి ఇబ్బంది. ముందు కర్టెన్, తర్వాతే తోడు. గైడ్‌లైన్ వచ్చింది కదా అని కళ్లు మూసుకుని అమలు చేయడం ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ కాదు. మీ వార్డు, మీ స్టాఫ్, మీ తల్లులు... అన్నీ లెక్కలోకి రావాలి.

రిజిస్టర్‌లో ఒక గడి గీయించండి: తోడు ఉన్నారా? లేకపోతే కారణం? నైట్ డ్యూటీలో గడులు ఖాళీగా ఉంటే సిస్టర్లను తిట్టకండి. ఆ రాత్రి ఎందరు డ్యూటీలో ఉన్నారో చూడండి.

నెల తిరిగాక ఆ రిజిస్టర్‌తోనే ఆర్‌ఎంఓ దగ్గరికి వెళ్లండి. లేబర్ రూమ్‌ల కోసం కేంద్రం పెట్టిన ‘లక్ష్య’ ప్రోగ్రామ్ కూడా తోడు మనిషిని ఉండనివ్వమనే అడుగుతోందని గుర్తుచేయండి. ఇంకా కర్టెన్లు కావాలంటే అప్పుడే ఇండెంట్ పెట్టండి.