బ్యాటు ధరెంత? బూట్ల ధరెంత?

మార్కాపురంలో ఒక తల్లి ఉందనుకోండి. పేరు ఏదైనా కావచ్చు. ఆమె పలకల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. రోజంతా రాతి పలకలకు చెక్క చట్రాలు బిగిస్తుంది. ఎక్కడెక్కడి పిల్లలో మార్కాపురం పలక మీద అ ఆలు దిద్దారు. ఆమె మాత్రం పెద్దయ్యాక, రాత్రి బడిలో దిద్దింది. ఇప్పుడు ఆమెకు చదవడం వచ్చు. కూడికలు, తీసివేతలు వచ్చు. నూటికి ఇంత అనే లెక్క ఈమధ్యే నేర్చుకుంది.

ఆమెకు ఇద్దరు పిల్లలు. కూతురు ఎనిమిదో తరగతి. కొడుకు ఆరో తరగతి. 2025 దసరా సెలవులు వచ్చాయి. కొడుకు ఒకటే పోరు పెట్టాడు.

"అమ్మా, అందరికీ బ్యాటు ఉంది. నాకే లేదు."

కూతురు పోరు పెట్టలేదు. మెల్లగా చెప్పింది.

"అమ్మా, పరుగు పందెంలో మండలం పోటీలకు నన్ను తీసుకున్నారు. పరుగుకు బూట్లు కావాలన్నాడు పీఈటీ సారు. బడిలో ఇచ్చిన నల్లబూట్లు పనికిరావంట."

ముసలమ్మ వసారాలో కూచుని ఉంది. ఆమె అందుకుంది. "ఆడపిల్లకు పరుగులేందే? పిల్లోడికి బ్యాటు కొనిచ్చి ఊరుకో."

ఈ మాట ఎన్నో ఇళ్లలో వినిపించేదే. తల్లి జవాబు చెప్పలేదు. డబ్బా మూత తీసి డబ్బులు లెక్క పెట్టుకుంది. 950 రూపాయలు ఉన్నాయి.

ముగ్గురూ బజారుకు పోయారు. బ్యాటు మీద అచ్చు వేసిన ధర 560 రూపాయలు. బూట్ల డబ్బా మీద 448 రూపాయలు. రెండూ కూడితే 1008. చేతిలో ఉన్నది 950. ఇంకా 58 రూపాయలు కావాలి. ఇలాంటప్పుడు ఏది ఆగుతుందో అందరికీ తెలుసు. బూట్లే ఆగుతాయి.

అయితే ఆమెకు ఒక సంగతి గుర్తొచ్చింది. పక్కింటి వదిన చెప్పింది, ఆట సామాన్ల మీద పన్ను తగ్గిందని.

వదిన చెప్పింది నిజమే. మనం కొనే చాలా వస్తువుల ధరలో పన్ను కలిసి ఉంటుంది. దాన్ని జీఎస్టీ అంటారు. ఇది 2017 జులై 1న మొదలైంది. బ్యాట్లు, బంతులు, క్యారం బోర్డులు, చదరంగం బల్లలు, వీటి మీద నూటికి 12 రూపాయలు పన్ను ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి నూటికి 5 రూపాయలు చేశారు. వెయ్యి రూపాయల లోపు బూట్లు, చెప్పుల మీద కూడా 12 నుంచి 5కు తగ్గింది. సైకిలు మీదా అంతే. ఐపీఎల్ క్రికెట్ ఆట చూసే టికెట్టు మీద మాత్రం అదే రోజు పన్ను 28 నుంచి 40కి పెరిగింది. ఆడేవాళ్లకు తగ్గింది, ఖరీదైన టికెట్టు కొని చూసేవాళ్లకు పెరిగింది. ఇది కొంత న్యాయంగానే ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 12లో 5 పోతే 7. కాబట్టి 560 రూపాయల్లో నూటికి 7 చొప్పున తగ్గాలి అనుకుంటారు. అది తప్పు. ఎందుకంటే 560లో పన్ను ముందే కలిసి ఉంది. పన్ను మొదట బయటికి తీయాలి.

అసలు ధర 100 అయితే, 12 పన్ను కలిపి 112 అవుతుంది. అంటే ప్రతి 112 రూపాయల్లో అసలు ధర 100 రూపాయలు. 560లో 112లు ఎన్ని ఉన్నాయి? 5 ఉన్నాయి. కాబట్టి బ్యాటు అసలు ధర 500. దాని మీద కొత్త పన్ను నూటికి 5 చొప్పున 25. మొత్తం 525 రూపాయలు.

బూట్ల సంగతి చూడండి. 448లో 112లు 4 ఉన్నాయి. అసలు ధర 400. కొత్త పన్ను 20. మొత్తం 420.

525, 420 కూడితే 945. తల్లి దగ్గర 950 ఉన్నాయి!

ఆమె ఈ లెక్క చీటీ వెనక వేసి కొట్టాయనకు చూపించింది.

"పాత సరుకు అక్కా. పాత ధరే" అన్నాడు ఆయన.

"సరుకు పాతదే అన్నా. పన్ను కొత్తది గదా. ఈ రోజు అమ్మితే ఈ రోజు పన్నే గదా వేసేది? బిల్లు రాసియ్యి."

కొట్టాయన కాసేపు గొణిగాడు. క్యాలిక్యులేటరు తీసి తానూ లెక్క వేసుకున్నాడు. చివరికి 945 తీసుకుని బిల్లు రాసిచ్చాడు. మిగిలిన 5 రూపాయలకు ముసలమ్మకు వక్కపొడి కొన్నారు.

అన్ని కొట్లలో ఇంత తేలిగ్గా జరగదు. పన్ను తగ్గినప్పుడు అసలు ధర కాస్త పెంచి, మళ్లీ పాత ధరకే అమ్మేవాళ్లు కొందరు ఉంటారు. మరీ చిన్న కొట్లలో బిల్లు మీద పన్ను విడిగా రాయరు. అందుకే రెండు మూడు కొట్లు తిరిగి అడగాలి. అచ్చు ధర కంటే ఎక్కువ తీసుకోవడం మాత్రం నేరమే. దాన్ని చూసేది తూనికలు కొలతల శాఖ. 1915 నంబరుకు ఫోను చేసి కూడా చెప్పవచ్చు. అక్కడ తెలుగులో మాట్లాడతారు. వినియోగదారుల కమిషన్‌కు పోతే, 5 లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు ఫీజు లేదు. వీటన్నిటికీ బిల్లు కావాలి. బిల్లు లేకపోతే కొన్నట్టు రుజువేది?

పన్ను ఒక్కటే ధరను నడపదు. బ్యాటు మన ఊళ్లో పుట్టదు. ఉత్తరాన మీరట్, జలంధర్ పట్టణాలు ఆట సామాన్ల తయారీకి పేరుపడ్డాయి. మంచి బ్యాటుకు విల్లో అనే చెట్టు కర్ర కావాలి. అది కాశ్మీరులో పెరుగుతుంది. అంతకంటే ఖరీదైనది ఇంగ్లండు నుంచి వస్తుంది. కర్ర ధర, కూలి, లారీ బాడుగ, నడుమ ఉన్న వ్యాపారుల లాభం, ఇవన్నీ కలిసి గిద్దలూరు కొట్టులో ఒక ధరగా కనపడతాయి.

ఒక్కోసారి కారణం ఎక్కడో సముద్రాల అవతల ఉంటుంది. షటిల్ ఆటలో వాడే ఈకల బంతి ధర 2025లో బాగా పెరిగింది. ఒక్కో బంతికి 16 ఈకలు కావాలి. అవి బాతు ఈకలు. ఈకలు ఎక్కువగా చైనా నుంచి వస్తాయి. అక్కడ జనం బాతు మాంసం తగ్గించి పంది మాంసం ఎక్కువగా తినసాగారు. బాతుల పెంపకం తగ్గింది. ఈకలకు కరువొచ్చింది. ఎవరో పళ్లెంలో కూర మారిస్తే ఇక్కడ పిల్లల ఆట ఖరీదైంది! అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ ఈ షటిల్ ఆటలోనే 2001లో ఆల్ ఇంగ్లండ్ పోటీ గెలిచాడు. పల్లెల్లో పిల్లలు ప్లాస్టిక్ బంతితో ఆడుకుంటారు. అది చవక. చాలా రోజులు వస్తుంది కూడా.

ఇక సినిమా. ఆంధ్రప్రదేశ్‌లో టికెట్ల ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2021 ఏప్రిల్‌లో ఒక ఉత్తర్వు వచ్చింది. గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో అన్నిటికంటే తక్కువ టికెట్టు 5 రూపాయలు అన్నారు. ఆ ధరకు హాళ్లు నడపలేమని యజమానులు గోల పెట్టారు. 2022 మార్చి 7న ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఈసారి అన్నిటికంటే తక్కువ టికెట్టు 20 రూపాయలు. పెద్ద హాళ్లలో 250 వరకు పోయింది.

5 రూపాయలది 20 రూపాయలైంది. నూటికి ఎంత పెరిగినట్టు? 400 అంటారు కొందరు. కాదు. పెరిగింది 15 రూపాయలు. 5 మీద 15 పెరిగితే, 100 మీద 300 పెరిగినట్టు. ధర నాలుగింతలైంది, పెరుగుదల మాత్రం మూడింతలు. ఈ తేడా బాగా గుర్తుంచుకోవాలి. ధరల లెక్కల్లో జనాన్ని మోసం చేసేది ఎక్కువగా ఇక్కడే.

100 రూపాయల వరకు టికెట్టు మీద పన్ను 2025 సెప్టెంబరులో 12 నుంచి 5కు తగ్గింది. 100 దాటితే మాత్రం 18 అలాగే ఉంది.

తిరునాళ్ల సంగతి వేరు. చైత్ర మాసంలో మార్కాపురం చెన్నకేశవస్వామి తిరునాళ్ల జరుగుతుంది. శివరాత్రికి జనం త్రిపురాంతకం పోతారు. అక్కడ బొమ్మల మీద అచ్చు ధర ఉండదు. రంగులరాట్నం మీదా ఉండదు. జనం కిటకిటలాడే తేరు రోజు ఒక ధర, మర్నాడు ఇంకో ధర. బేరం ఆడినవాళ్లకు ఒకటి, ఆడనివాళ్లకు ఒకటి. బొమ్మ రేపు కొంటానని పిల్లకు నచ్చజెప్పగలిగిన తల్లికి లాభమే. అయితే పిల్లలు అంత తేలిగ్గా వింటారా?

ఇప్పుడు వినోదం ఎక్కువగా ఫోనులోకి వచ్చేసింది. 2024 జులై 3న జియో ధరలు పెంచింది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల రీఛార్జి 239 నుంచి 299 రూపాయలైంది. 60 రూపాయలే గదా అనిపిస్తుంది. అయితే 28 రోజులు అంటే నెల కాదు. ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయించాలి. 239ని 13తో గుణిస్తే 3107. 299ని 13తో గుణిస్తే 3887. ఏడాదికి 780 రూపాయలు పెరిగింది. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే పెరిగిన సొమ్ము ఒక్కటే రెండున్నర రోజుల కూలి. ఒక్క ఫోనుకే ఇంత. ఇంట్లో రెండు ఫోన్లుంటే?

ధరలు ఎంత పెరిగాయో ప్రభుత్వం కూడా లెక్క కడుతుంది. దాన్ని వినియోగదారుల ధరల సూచీ అంటారు. 2012 సంవత్సరం ధరలను 100 అనుకుని చాలా ఏళ్లు ఈ లెక్క నడిచింది. దేశంలో 1181 గ్రామాల్లో, పట్టణాల్లోని 1114 బజార్లలో ఉద్యోగులు తిరిగి ధరలు రాసుకునేవారు. ఉప్పు, పప్పు, బట్ట, మందుబిళ్ల, సినిమా టికెట్టు, ఆట సామాను, అన్నీ అందులో ఉండేవి.

ఒక్కో వస్తువుకు ఎంత బరువు ఇవ్వాలి? జనం దాని మీద ఎంత ఖర్చు పెడితే అంత. ఆ లెక్కలో గ్రామాల్లో 100 రూపాయల ఖర్చులో తిండికి, పానీయాలకు 54 రూపాయల 18 పైసలు. వినోదానికి, కాలక్షేపానికి 1 రూపాయి 37 పైసలు. పట్టణాల్లో అది 2 రూపాయల 4 పైసలు. ఫోను ఖర్చు ఇందులో లేదు. అది రవాణా, సమాచారం కింద వేరే పద్దులో ఉంది. ఇంట్లో మాత్రం పాటా, సినిమా, క్రికెట్టూ అన్నీ ఫోనులోనే!

1 రూపాయి 37 పైసలు. ఇందులో మగవాళ్ల వాటా ఎంత, ఆడవాళ్ల వాటా ఎంత? సూచీ ఆ సంగతి చెప్పదు. అచ్చనగండ్లకు, తొక్కుడుబిళ్లకు ధర లేదు. వామనగుంటలకు చింతగింజలు చాలు. అవి ఏ లెక్కలోకీ రావు. ఆడపిల్లల ఆటలు ఎక్కువగా ధర లేని ఆటలే. పైసా ఖర్చు లేని ఆట మంచిదే. కానీ ఆడపిల్ల ఖర్చు లేని ఆటే ఆడాలని రాసిపెట్టి ఉందా?

అన్నీ ఇంటి డబ్బుతోనే కొనాలని లేదు. సమగ్ర శిక్ష పథకం 2018లో మొదలైంది. దాని కింద ఆట సామాన్ల కోసం సర్కారు బడులకు ఏడాదికి ఇంత అని పెట్టారు. ప్రాథమిక బడికి 5000 రూపాయల వరకు, ప్రాథమికోన్నత బడికి 10,000 వరకు, ఉన్నత పాఠశాలకు 25,000 వరకు. ఈ సొమ్ము వచ్చిందా, ఏం కొన్నారు, కొన్నవి బీరువాలో ఉన్నాయా, పిల్లల చేతుల్లో ఉన్నాయా అని తల్లులు అడగవచ్చు. తల్లిదండ్రుల సమావేశంలో అడిగితే చాలు.

మార్కాపురం తల్లి కూడా అడగాలనుకుంది. పిల్ల బూట్లు తొడుక్కుని పొద్దున్నే పరుగు సాధన చేస్తోంది. తాడాట తాళ్లు, బరువు గుండు బడిలోనే ఉన్నాయంట. తాళం ఎవరి దగ్గర ఉందో తెలియదంట.

మీరే లెక్క చేయండి

1. ఒక క్యారం బోర్డు పాత ధర, నూటికి 12 పన్ను కలిపి, 1120 రూపాయలు. పన్ను 5 అయితే ధర ఎంత కావాలి?

2. తాడాట తాడు పోయినేడు 80 రూపాయలు. ఈ ఏడు 100 రూపాయలు. నూటికి ఎంత పెరిగింది?

3. పోయిన నెల మీ ఇంట్లో ఆటకు, సినిమాకు, ఫోనుకు ఎంత ఖర్చయింది? ఎవరి కోసం ఎంతయిందో పేర్లు రాసి, పక్కన అంకెలు వేయండి. మీ పేరు కూడా రాయండి.