కొండే దారి ఇచ్చింది.. మీరు ఐదు నిమిషాలివ్వండి

జనగామ జిల్లా పాలకుర్తి గుట్ట మీద సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు గుహల్లో కొలువై ఉంటారు. ఆ గుట్ట గురించి ఊళ్లో ఒక కథ చెప్పుకుంటారు. ఒక ముసలమ్మ గుట్ట చుట్టూ ప్రదక్షిణ చేసేదట. వయసు మీద పడింది. కాళ్లు మొరాయించాయి. అయినా మొక్కు మానలేదు. ఆమె అవస్థ చూడలేక శివుడు గుట్టనే చీల్చి దారి ఇచ్చాడట.

ఈ కథలో మహిమ కన్నా నాకు ఎక్కువ నచ్చే సంగతి ఒకటుంది. ముసలమ్మ కాళ్ల నొప్పిని దేవుడు చిన్న విషయం అనుకోలేదు. 'భక్తి ఉంటే నొప్పి తెలియదు, ఓర్చుకో' అనలేదు.

ఆ మాట అనేది మనమే. అదీ మన కాళ్లతోనే.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు ఉంటుంది. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది. వాకిలి ఊడ్చి, చాయ్ పెట్టి, పనిలో పడితే మరిచిపోతాం. సాయంత్రం మళ్లీ పట్టేస్తుంది. ఇలా నెలలు గడుస్తాయి. పట్నం నుంచి వచ్చిన కూతురు అడుగుతుంది: "అమ్మా, కుంటుతున్నవేంది?" తల్లి చెప్పే జవాబు ఏ ఇంట్లోనైనా ఒకటే: "ఏం లేదు బిడ్డా, జరంత తీపు. నడుస్తనే ఉన్న గదా!"

నడుస్తూనే ఉన్నాం కాబట్టి బాగానే ఉన్నాం అనుకోవడం మనకు పెద్దలు నేర్పిన పాఠం. ఓర్పు గొప్ప గుణమే. కానీ చికిత్స ఉన్న నొప్పిని ఓర్చుకుంటూ కూర్చోవడాన్ని ఓర్పు అనకూడదు. అది వాయిదా వేయడం. వ్యక్తిత్వ వికాసం అనగానే మనం వేదికలు, ఇంటర్వ్యూలు, లక్ష్యాల గురించి మాట్లాడతాం. రోజంతా మనల్ని మోసే రెండు పాదాలతో మనం ఎలా ఉంటున్నామన్నది కూడా వ్యక్తిత్వమే అని నా నమ్మకం. తన ఒంటి మాట వినే మనిషికి ఎదుటివాళ్ల మాట వినడం కూడా తేలికవుతుంది.

చాకలి ఐలమ్మది ఈ పాలకుర్తే. తన చెమటతో పండిన పంటను భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వనని నిలబడ్డ మనిషి ఆమె. పంట మీద హక్కు కోసం అంత పోరాటం జరిగిన నేల మీద, సొంత కాళ్ల కోసం రోజుకు ఐదు నిమిషాలు అడగడానికి ఆడవాళ్లు ఇప్పటికీ మొహమాటపడుతున్నారు. నాటు వేసి వచ్చిన అక్క కాళ్లు చాపి కూర్చుంటే, ఎవరైనా రాగానే సర్దుకుని లేచి నిలబడుతుంది. ముందు ఆ మొహమాటం పోవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద దళసరి పట్టీ ఒకటి సాగి ఉంటుంది. పాదం వంపును విల్లు అనుకుంటే ఈ పట్టీ దాని నారి. మనం అడుగు తీసేటప్పుడు వేళ్లు పైకి వంగుతాయి, నారి బిగుసుకుంటుంది, వంపు పైకి లేస్తుంది. దాంతో పాదం గట్టిపడి శరీరాన్ని ముందుకు నెడుతుంది. 1954లో హిక్స్ అనే పరిశోధకుడు ఈ పనితీరును తాడు చుట్టుకునే యంత్రంతో పోల్చి వివరించాడు. మన బావి గిలక మీద చేంతాడు బిగుసుకోవడం చూసిన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

ఆ చేంతాడు రోజూ ఒకేచోట ఒరుసుకుంటే ఏమవుతుంది? పీచు లేస్తుంది. మన పట్టీకీ అంతే. మడమ దగ్గర అది ఎముకను పట్టుకునే చోట అరుగుదల మొదలవుతుంది. గంటల తరబడి గట్టి నేల మీద నిలబడటం, పెరిగిన బరువు, బిగుసుకుపోయిన పిక్కలు, అడుగు అరిగిన హవాయి చెప్పులు దీనికి తోడవుతాయి. 40 దాటిన వాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. రాత్రి నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పట్టీ ముడుచుకుని ఉంటుంది. పొద్దున మొదటి అడుగుకే దాన్ని ఒక్కసారిగా సాగదీస్తాం. మంచం దిగగానే మేకు దిగినట్టు అనిపించేది అందుకే. ఎక్స్‌రేలో మడమ కింద ముల్లులా ఎముక పెరిగినట్టు కనిపిస్తే చాలామంది హడలిపోతారు. నొప్పి ఏమాత్రం లేని వాళ్లలోనూ అలాంటి ముల్లు ఎందరికో ఉంటుంది. దాన్ని చూసి భయపడకండి.

ఇక ఈ నొప్పికి ఇంట్లోనే సాయపడే బుడిపెల బంతి సంగతి. పిడికిట్లో పట్టేంత ఉంటుంది, ఒళ్లంతా బుడిపెలు. ఆటవస్తువులా కనిపిస్తుంది. రెండు మూడు వందల రూపాయల లోపే దొరుకుతుంది. అదీ వద్దనుకుంటే ఇంట్లో పిల్లల టెన్నిస్ బంతి తీసుకోండి, మొదటి వారానికి అదే మేలు కూడా.

ఈ బంతి చేసే పనిని ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. అమ్మేవాళ్లు చాలా చెబుతారు. అరికాల్లో ఒకచోట నొక్కితే కిడ్నీ బాగవుతుందని, మరోచోట నొక్కితే షుగర్ తగ్గుతుందని బొమ్మలు గీసి మరీ చూపిస్తారు. నమ్మకండి. లోపల ముడిపడ్డ కండరాన్ని బంతి విడదీస్తుందన్న మాటకూ గట్టి ఆధారం లేదు. నిపుణులు ఇప్పుడు ఎక్కువగా ఒప్పుకునేది ఇది: అరికాలి నిండా నరాల కొసలు ఉంటాయి, బంతి ఒత్తిడి వాటి ద్వారా మెదడుకు చేరుతుంది, మెదడు కండరం బిగువును, నొప్పి తీవ్రతను కాసేపు తగ్గిస్తుంది. 2015లో ఇంగ్లండ్‌లో 24 మంది మీద ఒక చిన్న ప్రయోగం చేశారు. ఒక్కో అరికాలి కింద రెండు నిమిషాలు టెన్నిస్ బంతి దొర్లించిన వాళ్లు, ఆ వెంటనే కాళ్లు చాపి ముందుకు వంగితే, అంతకు ముందు కన్నా ఎక్కువ వంగగలిగారు. అరికాలిని సడలిస్తే తొడ వెనక కండరాల దాకా తెలిసిందన్నమాట. ఇది కాసేపు ఉండే మార్పే. కానీ ఆ కాసేపే మనకు కావాల్సింది. నొప్పి కొంచెం తగ్గిన ఆ సమయంలోనే అసలు వ్యాయామం చేయాలి.

చేసే పద్ధతి చెబుతాను. కుర్చీలో కూర్చోండి. బంతి జారకుండా కింద పాత తువ్వాలు వేయండి. చెప్పులు తీసి పాదాన్ని బంతి మీద ఆనించండి. మడమ ముందు భాగం నుంచి వేళ్ల మొదళ్ల దాకా నెమ్మదిగా దొర్లించండి. రోకలి దంచినట్టు వద్దు, చపాతీ కర్ర తిప్పినంత నిదానం చాలు. ఎక్కడో ఒకచోట 'అబ్బా' అనిపిస్తుంది. అక్కడ ఇరవై ముప్పై సెకన్లు ఆగి, ఊపిరి పూర్తిగా వదలండి. నొప్పికి పదికి మార్కులు వేస్తే నాలుగు దాటకూడదు. మడమ ఎముక మీద నేరుగా గట్టిగా నొక్కకండి. పాదానికి రెండు నిమిషాలు. పళ్లు బిగబట్టి చేసేది ఏదీ ఇక్కడ పనికిరాదు. ఎక్కువ నొప్పి పెడితే ఎక్కువ మేలు అనుకునే వాళ్లు రెండో రోజే కమిలిన అరికాలితో బంతిని అటక మీదికి విసిరేస్తారు.

తర్వాత కాలు మీద కాలు వేసుకుని, చేత్తో వేళ్లను మోకాలి వైపు లాగి పట్టుకోండి. అరికాల్లో నారి బిగిసినట్టు తెలియాలి. పది అంకెలు లెక్కపెట్టి వదలండి. ఇలా పదిసార్లు. రోజుకు మూడు విడతలు, అందులో మొదటిది మంచం మీద నుంచి కాలు కింద పెట్టకముందే. దీన్ని నేను కల్పించి చెప్పడం లేదు. 2003లో అమెరికాలో దీర్ఘకాలంగా మడమ నొప్పి ఉన్న 101 మంది మీద పరీక్షించిన పద్ధతి ఇది. ఎనిమిది వారాల తర్వాత, పిక్కలు మాత్రమే సాగదీసిన వాళ్ల కన్నా ఇలా చేసిన వాళ్లకు మెరుగ్గా తగ్గింది. నొప్పి అదుపులోకి వచ్చాక పాదానికి బలం కావాలి. మెట్టు అంచున నిలబడి, వేళ్ల కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని, గోడ ఆసరాగా మడమలు నెమ్మదిగా లేపి దించడం మంచిది. రోజు విడిచి రోజు చేస్తే చాలు.

బంతి అరికాలికే పరిమితం కాదు. పత్తి ఏరి వచ్చినప్పుడు భుజం వెనక పట్టేసిందా? గోడకూ వీపుకూ మధ్య బంతి పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి పైకీ కిందికీ కదలండి. వెన్నుపూస మీద మాత్రం పెట్టకూడదు, దానికి ఇటూ అటూ కండరం మీదే. మెడ ముందు భాగం జోలికి అసలు పోకండి. కూర్చుని కంప్యూటర్ పని చేసేవాళ్లు పిర్ర కింద బంతి పెట్టుకుంటే ఎక్కడ బిగుసుకుపోయిందో ఇట్టే తెలుస్తుంది.

అన్నిటికన్నా కష్టమైంది రోజూ చేయడం. బంతి కొన్న ఉత్సాహం వారం ఉంటుంది. ఎనిమిదో రోజు అది సోఫా కిందికి దొర్లిపోతుంది. 'వీలు దొరికినప్పుడు చేద్దాం' అనుకుంటే వీలు ఎప్పటికీ దొరకదు. ఇప్పటికే తప్పకుండా చేస్తున్న పనికి దీన్ని కట్టేయండి. సాయంత్రం సీరియల్ చూస్తారా? అది మొదలవగానే బంతి కాలి కిందికి రావాలి. చాయ్ మరిగే సమయం ఒక పాదానికి సరిపోతుంది. బంతిని పెట్టెలో దాచకండి, టీవీ రిమోట్ పక్కన పెట్టండి. ఒకరోజు తప్పితే తిట్టుకోకుండా మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి. మడమ నొప్పి నెమ్మదిగా వదిలే నొప్పి. వారాలు పడుతుంది, కొందరికి నెలలు. సూది, మందుల వరకు పోకుండా ఇలాంటి వ్యాయామంతో, సరైన చెప్పులతో ఏడాది లోపు ఎక్కువమందికి తగ్గుతుంది. ఈ సంగతి ముందే తెలిస్తే పదో రోజు నిరాశ రాదు. మీరు ఇక్కడ సాధన చేస్తున్నది నిజానికి నిలకడే. అది అరికాలి దగ్గర అలవడితే చదువులోనూ పనిలోనూ అక్కరకొస్తుంది.

నొప్పి పెరగగానే సూది వేయించుకునే అలవాటు ఊళ్లలో బలంగా ఉంది. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. మడమలో స్టెరాయిడ్ సూది కొంతకాలం హాయినిస్తుంది, కానీ పదే పదే వేస్తే ఆ పట్టీ తెగే ప్రమాదం ఉంది. సూది మంచి డాక్టర్ చివర్లో ఆలోచించాల్సిన సంగతి. అడిగి వేయించుకునేది కాదు.

షుగర్ ఉన్నవాళ్లు ఈ మాట జాగ్రత్తగా వినండి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్ ఉంది. వీళ్లలో చాలామందికి అరికాళ్లలో స్పర్శ మెల్లగా తగ్గిపోతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అలాంటి పాదం కింద బుడిపెల బంతి పెడితే చర్మం కమిలినా తెలియదు, పుండు పడ్డాకే కనిపిస్తుంది. మీకు షుగర్ ఉంటే ముందు డాక్టర్‌తో పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. ఆ తర్వాతే బంతి. కాలి మీద పుండు, ఎముక విరిగిన అనుమానం, ఉబ్బిన రక్తనాళాలు ఉన్నవాళ్లూ దీని జోలికి పోవద్దు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అక్కడ అస్సలు రుద్దకండి. లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అరికాలు తిమ్మిరెక్కినా, పడుకున్నా నొప్పి తగ్గకపోయినా, జ్వరంతో మడమ ఎర్రబడినా డాక్టర్‌కు చూపించాల్సిందే.

ఇంకొక్క మాట చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా బట్టల దుకాణంలో నిలబడే అమ్మాయికి ఐదు నిమిషాల బంతి ఎంతని సాయం చేస్తుంది? దుకాణాల్లో పనిచేసేవాళ్లు కూర్చునే హక్కు కోసం కేరళలో మహిళలు ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో అక్కడ చట్టం సవరించారు. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. మన జనగామలో, హన్మకొండలో, వరంగల్‌లో దుకాణం నడిపే అన్నలారా, చట్టం చెబితేనే చేయాలా? కౌంటర్ వెనక నాలుగు స్టూళ్లు వేయండి. గిరాకీ లేనప్పుడు మీ దగ్గర పనిచేసే అమ్మాయిలు కూర్చుంటే మీ వ్యాపారం ఎక్కడికీ పోదు. స్కూళ్లలో పాఠాలు చెప్పే టీచరమ్మలకూ, ఎండలో నిలబడే ట్రాఫిక్ పోలీసులకూ ఇదే వర్తిస్తుంది.

వచ్చే పండుగకు ఊరికి వెళ్తారు కదా. బ్యాగులో ఒక బంతి పెట్టుకోండి. అమ్మ "నాకేమైంది, బానే ఉన్న" అంటుంది, ఆ మాట పట్టించుకోకండి. అరుగు మీద కూర్చోబెట్టి, ఆమె పాదం మీ ఒళ్లో పెట్టుకుని, మడమ ముందు బొటనవేలితో మెల్లగా నొక్కి అడగండి: "ఇక్కడేనా అమ్మా?"