యౌవనాన్నిచ్చే పొడి: చీటీ చదివితిరా?

సీతాఫల్‌మండిలో నివసించే ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఇటీవల చిన్న గాజుసీసా ఒకటి తెచ్చి చూపించారు. అడుగున చిటికెడు తెల్లని పొడి. "ఇది ముసలితనాన్ని వెనుకకు మళ్లిస్తుందట. అమెరికాలో ఉన్న మా అబ్బాయి పంపించాడు. సూదిమందుగా తీసుకొనవచ్చునా?" అని వారి ప్రశ్న. సీసాపై చీటీ ఉన్నది. 'ప్రయోగశాల పరిశోధనకు మాత్రమే, మానవ వినియోగానికి కాదు' అని దానిపై సన్నని అక్షరాలలో ముద్రించి ఉన్నది. వారు పొడి పేరు మాత్రమే చదివారు.

ఆ పొడి కృత్రిమ పెప్టైడు. పెప్టైడు అనగా అమైనో ఆమ్లాలు అనే పూసలను గ్రుచ్చిన పొట్టి దండ. దండ బాగా పొడవైనచో దానినే మాంసకృత్తి అంటాము. మధుమేహ రోగులకు చిరపరిచితమైన ఇన్సులిన్ 51 పూసల పెప్టైడే. కనుక పెప్టైడులన్నీ మోసమని మా అభిప్రాయం కాదు. సన్నని రెజిన్ గుళికలపై ఒక్కొక్క పూసను చేర్చుకొంటూ ఈ దండలను నిర్మించే పద్ధతిని 1963లో మెరిఫీల్డ్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రకటించి, 1984లో నోబెల్ బహుమతి పొందారు.

ఉపాధ్యాయుల ఇంటి నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం దాటి, తార్నాక మీదుగా ఉప్పల్ రోడ్డున వెళ్లినచో సి.సి.ఎం.బి. పరిశోధన కేంద్రం వస్తుంది. ఎద్దు వీర్యద్రవంలో సూక్ష్మజీవులను అణచే మాంసకృత్తి ఒకటి కలదని 1979లో రెడ్డి, భార్గవ వెల్లడించారు. దానిలో 13 పూసల ముక్కను మాత్రం సి.సి.ఎం.బి.లో సీతారామ్, నాగరాజ్ కృత్రిమంగా తయారుచేసి, 1990లో ఫలితాలు ప్రకటించారు. ఆ ముక్క బాక్టీరియాను చంపింది. అంతటితో ఆగక ఎర్ర రక్తకణాలను కూడా పగులగొట్టింది! పరిశోధకునికి ఇది విలువైన సమాచారం. ఏ పూసను మార్చినచో ఏ గుణం మారుతుందో అతడు వెదుకుతాడు. అదే పదార్థం రోగి నరంలోనికి వెళ్లి ఉంటే?

వార్ధక్య పరిశోధనలోనూ ఇట్టి ఉదాహరణ కలదు. 1973లో పికార్ట్, థేలర్ మానవ రక్తద్రవంలో మూడే పూసల పెప్టైడును గుర్తించారు. నేడు ముఖలేపనాలలో 'జి.హెచ్.కె.' పేరిట వినబడేది అదే. అది ఆరోగ్యవంతమైన కాలేయకణాల మనుగడను పొడిగించింది. అర్బుద కాలేయకణాల పెరుగుదలను సైతం ప్రేరేపించింది. ప్రచారంలో మొదటి వాక్యమే వినబడుతుంది. 2017లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు వేరొక పెప్టైడును ఇవ్వగా ముసలి ఎలుకలకు బొచ్చు దట్టమైంది, మూత్రపిండాల పని మెరుగుపడింది. ఆశాజనకమే, కాని అవి ఎలుకలు.

ఇక సీసా సంగతి. పొడిలోని పెప్టైడు పదార్థంలో కోరిన పెప్టైడు పాలు ఎంతో శుద్ధి శాతం చెబుతుంది. అది క్రిమిరహితమా, బాక్టీరియా విషపదార్థాలు మిగిలి ఉన్నవా అన్నది చెప్పదు. సూదిమందుకు ఈ రెండూ ప్రాణావసరం. పోనీ, నీటిలో కలిపి త్రాగుదుమా అనుకొన్నచో, జీర్ణరసాలు దండలో చాలా భాగాన్ని పూసలుగా విడదీస్తాయి. ఇన్సులిన్‌ను సూదితో ఇచ్చుటకు కారణమిదే.

సుశ్రుతుడు జరను ఆకలి, దప్పిక, నిద్రలతో పాటు స్వభావసిద్ధమైన వ్యాధులలో చేర్చాడు. తగిన రక్షణతో కాలానుగుణంగా వచ్చే జర ఒకటి, రక్షణ లేక అకాలంలో వచ్చేది రెండవది. మన చేతిలో ఉన్నది ఈ రెండవదానిని దూరముంచుటయే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దలకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. 60 కిలోల వారికి సుమారు 50 గ్రాములు. నూరు గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాములు, ఒక గ్రుడ్డులో 6 గ్రాములు లభిస్తాయి. పళ్లు ఊడిన పెద్దలు పప్పు మాని చారన్నంతో సరిపెట్టుకొనుట మన ఇళ్లలో నిత్యం చూస్తున్నదే. వారికి మెత్తగా ఉడికించిన పెసరకట్టు, పెరుగు అనుకూలం. మూత్రపిండాల వ్యాధి గలవారు మాత్రం వైద్యుని అడిగి పరిమాణం నిర్ణయించుకొనవలెను.

ఉపాధ్యాయులు సీసాను ఇంకను పారవేయలేదు. తమ వైద్యునికి చూపించి, అబ్బాయికి ఆ చీటీని చదివి వినిపిస్తామన్నారు.