జవాబు బాకీ ఉంచకు

చిరంజీవి మేనల్లుడికి,

రెండు కంపెనీల నుంచి ఆఫర్ లెటర్లు వచ్చాయని, జీతం ఎక్కువిచ్చే చోట చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మరి రెండో కంపెనీకి ఏం చెప్పావని అడిగితే, "చెప్పేదేముంది, జాయినింగ్ రోజు వెళ్లకపోతే వాళ్లకే అర్థమవుతుంది, అందరూ అంతే చేస్తారు" అన్నావట. ఈ ఉత్తరం ఆ మాట కోసమే. ఉద్యోగం ఇచ్చేవాళ్లయినా, అడిగేవాళ్లయినా అవునో కాదో సకాలంలో, రాతలో చెప్పి తీరాలి. ఏళ్ల తరబడి ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చున్న మీ మామయ్యకు ఈ విషయంలో రెండో అభిప్రాయం లేదు.

అందరూ అంతే చేస్తారన్నది పూర్తిగా అబద్ధం కూడా కాదు. హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల్లో 90 రోజుల నోటీస్ పీరియడ్ మామూలైపోయింది. ఒక ఆఫర్ చేతిలో పెట్టుకుని రాజీనామా ఇచ్చిన కుర్రాడు, ఆ మూడు నెలల్లో దాన్ని చూపించి ఇంకో ఆఫర్, దాన్ని చూపించి మరో ఆఫర్ తెచ్చుకుంటాడు. ఇందులో తప్పేమీ లేదు. మంచి జీతం కోసం ప్రయత్నించే హక్కు ఎవరికైనా ఉంది. తప్పంతా ఆఖరి వారంలో జరుగుతుంది. రిక్రూటర్ ఫోన్ చేస్తే ఎత్తడు. మెయిల్‌కు జవాబు ఉండదు. సోమవారం ఉదయం రిసెప్షన్‌లో ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ సిద్ధంగా ఉంటాయి, మనిషి రాడు.

ఆ మౌనానికి మూల్యం చెల్లించేది కంపెనీ ఒక్కటే అయితే పెద్దగా బాధపడనక్కర్లేదు. అదే పోస్టుకు రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థి ఒకరుంటారు. ఆ అమ్మాయికో అబ్బాయికో మూడు నెలల కిందటే "ఈసారికి కుదరలేదు" అని మెయిల్ వెళ్లి ఉంటుంది. నెల ముందు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ఉద్యోగం వాళ్లకు దక్కేది. ఇక టీములో ఉన్నవాళ్లు మరో మూడు నెలలు ఇద్దరి పని ఒకరు చేసుకోవాలి.

చెప్పకపోవడం చెప్పకుండా పోయినవాడికీ నష్టమే. పెద్ద కంపెనీలు దరఖాస్తులన్నీ సాఫ్ట్‌వేర్‌లో దాస్తాయి. మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు కొట్టగానే పాత చరిత్ర తెర మీదికి వస్తుంది. "ఆఫర్ తిరస్కరించారు" అని ఉంటే ఎవరూ పట్టించుకోరు. "చేరతానని రాలేదు" అని ఉంటే మాత్రం కొత్త దరఖాస్తు అక్కడే ఆగిపోవచ్చు. పైగా రిక్రూటర్లు కంపెనీలు మారుతుంటారు, వాళ్ల జ్ఞాపకాలూ వాళ్లతోపాటే వెళ్తాయి.

తిరస్కరించే మెయిల్ రాయడానికి పాండిత్యం అక్కర్లేదు. "సర్, నన్ను ఎంపిక చేసినందుకు కృతజ్ఞతలు. మరో ఆఫర్ అంగీకరించినందువల్ల 12వ తేదీన మీ దగ్గర చేరలేకపోతున్నాను. ఆ స్థానంలో వేరొకరిని తీసుకోవడానికి వీలుగా ఇప్పుడే తెలియజేస్తున్నాను." మూడు వాక్యాలు. కొత్త కంపెనీ పేరు, అక్కడి జీతం రాయనవసరం లేదు. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని కథ అల్లడం అంతకన్నా అనవసరం. మెయిల్ పంపాక ఒక ఫోన్ చేస్తే మర్యాద పూర్తవుతుంది. అవతలివాళ్లు నొచ్చుకోవచ్చు, జీతం పెంచుతామని బతిమాలవచ్చు. నిర్ణయం అయిపోయిందని నెమ్మదిగా చెప్తే చాలు.

ఇక రెండో వైపు. పెళ్లిచూపులకు వచ్చి, ఫలహారాలు తిని, ఆ తర్వాత కబురు చెయ్యని వాళ్లను మన ఊళ్లలో ఏమంటారో తెలిసిందే. నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూ చేసి పత్తా లేకుండా పోయే కంపెనీలకూ అదే మాట వర్తిస్తుంది. ఆఫర్ ఇచ్చిన తర్వాత కూడా ఈ బెడద తప్పడం లేదు. 2023 ఫిబ్రవరిలో విప్రో, ఏడాదికి 6.5 లక్షల జీతంతో ఆఫర్లు అందుకుని ఎదురుచూస్తున్న ఫ్రెషర్లకు, 3.5 లక్షలకు చేరతారా అని మెయిల్ పంపింది. 2022లో క్యాంపస్ ఎంపికలు పొందిన దాదాపు 2,000 మందికి ఇన్ఫోసిస్ చేరే తేదీ ఇవ్వకుండా వాయిదాలు వేస్తోందని పుణేకు చెందిన ఐటీ ఉద్యోగుల సంఘం నైట్స్ 2024 ఆగస్టులో కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. ఆఫర్ ఇచ్చిన ప్రతి ఒక్కరినీ తీసుకుంటామని ఇన్ఫోసిస్ సీఈవో సలీల్ పరేఖ్ ప్రకటించారు. తర్వాత కొందరికి అక్టోబరు 7న చేరమని మెయిళ్లు వెళ్లాయి. కానీ ఆ రెండేళ్లలో వేరే ఉద్యోగం చూసుకోవాలో, ఆగాలో తెలియక పిల్లలు నలిగిపోయారు. మార్కెట్ బాగాలేకపోవడం కంపెనీ చేతుల్లో లేదు. బాగాలేదని ఆరు నెలల ముందే చెప్పడం చేతుల్లో ఉన్న పనే.

దీన్ని మర్యాదకు వదిలేయకుండా చట్టంగా మార్చిన చోటు ఒకటుంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం. టొరంటో, బ్రాంప్టన్‌లలో మన పిల్లలు బోలెడు మంది ఉద్యోగాలు వెతుక్కునేది అక్కడే. 25 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు బహిరంగంగా ప్రకటించే ఉద్యోగాలకు అక్కడ 2026 జనవరి 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ఇంటర్వ్యూ చేసిన ప్రతి అభ్యర్థికీ, చివరి ఇంటర్వ్యూ జరిగిన 45 రోజుల్లోగా నియామకంపై నిర్ణయం అయిందో లేదో తెలియజేయాలి. జీతం ఎంత ఉంటుందో ప్రకటనలోనే చూపాలి. ఆ ఖాళీ నిజంగా ఉందో లేదో, వడపోతకు కృత్రిమ మేధను వాడుతున్నారో లేదో కూడా చెప్పాలి. ఇక్కడి యజమానులు 45 రోజుల నియమాన్ని చట్టం రాకముందే తమంతట తాము పెట్టుకుంటే ఎంత బాగుంటుంది!

అలాంటి చట్టం లేనిచోట అభ్యర్థి ఏం చేయాలి? ఇంటర్వ్యూ ముగిసేటప్పుడే "ఫలితం ఎప్పటికల్లా తెలుస్తుంది, ఎవరిని అడగాలి?" అని అడిగి రాసుకోవాలి. చెప్పిన గడువు దాటిన రెండు మూడు పనిదినాలకు ఒక మెయిల్ పంపాలి. దాని సబ్జెక్ట్ లైన్‌లో పోస్టు పేరు, ఇంటర్వ్యూ తేదీ ఉండాలి. వారం తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత వదిలేసి ముందుకు సాగాలి. రాత్రి పదిన్నరకు వాట్సాప్‌లో పలకరించడం, రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపడం, ప్యానెల్లో కూర్చున్న ముగ్గురినీ లింక్డ్‌ఇన్‌లో వెతికి మరీ అడగడం పట్టుదల అనిపించుకోవు.

దరఖాస్తుతో పంపే మొదటి మెయిల్ విషయంలోనూ కాస్త శ్రద్ధ కావాలి. "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్, ప్లీజ్ ఫైండ్ ది అటాచ్‌మెంట్, డూ ది నీడ్‌ఫుల్" అన్న ఒక్క ముక్క, దాని కింద "రెజ్యూమే న్యూ ఫైనల్ 3" అనే ఫైలు. పైన చూస్తే అదే మెయిల్ నలభై కంపెనీలకు ఒకేసారి పంపినట్టు కనపడుతూనే ఉంటుంది. ఏ పోస్టుకు, ఆ పనిలో ఏం చేశాడు, ఎప్పటికి చేరగలడు అన్న మూడు సంగతులు నాలుగు వరుసల్లో చెప్పి, ఫైలుకు సొంత పేరు పెట్టిన అభ్యర్థిని ముందు పిలుస్తారు. ఇంటర్వ్యూకు వెళ్లలేకపోతే ముందురోజే చెప్పేవాడికి మళ్లీ సమయం ఇస్తారు. అరగంట తర్వాత "ట్రాఫిక్ సర్" అనేవాడికి ఇవ్వరు.

రిక్రూటర్ ఫోన్‌లో మొదట వచ్చే ప్రశ్నలు అందరికీ కంఠతా వచ్చు. ఇప్పటి సీటీసీ ఎంత, ఎంత ఆశిస్తున్నారు, నోటీస్ పీరియడ్ ఎంత? పాత జీతం అడగడాన్ని అమెరికాలో మొదట నిషేధించిన రాష్ట్రం మసాచుసెట్స్. 2016లో చట్టం చేసింది. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన జీతాల పారదర్శకత ఆదేశంలోనూ ఆ నిషేధం ఉంది. మన దేశంలో లేదు కనుక అడుగుతారు. అప్పుడు అంకె పెంచి చెప్పడం మహా ప్రమాదం. పేస్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్ తర్వాత ఎలాగూ అడుగుతారు. పీఎఫ్ ఖాతాదారుకు ఇచ్చే యూఏఎన్ నంబరు కింద ఏ కంపెనీలో ఎప్పుడు చేరాడో, ఎప్పుడు మానేశాడో అంతా కనిపిస్తుంది. నిజం చెప్పి, ఆ వెంటనే "ఈ పోస్టుకు మీరు అనుకున్న బడ్జెట్ ఎంత?" అని అడగడం ఏ రకంగానూ అమర్యాద కాదు.

అమీర్‌పేటలో దొరికే నకిలీ అనుభవపత్రాల జోలికి, ఒకరి బదులు ఇంకొకరు మాట్లాడే ప్రాక్సీ ఇంటర్వ్యూల జోలికి పోవద్దని ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదనుకుంటాను. వాటి వల్ల నిజంగా అనుభవమున్న తెలుగు పిల్లలను కూడా ప్యానెళ్లు అనుమానంగా చూసే పరిస్థితి వచ్చింది. అది మనసుకు కష్టం కలిగించే విషయం.

ఆఫర్ చేతికొచ్చాక నోటిమాటను నమ్ముకోకూడదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, అంగీకారం పంపేంతవరకు ప్రతిపాదనను వెనక్కి తీసుకునే వీలుంది. అందుకే ఆఫర్ నచ్చితే గడువులోగా "అంగీకరిస్తున్నాను" అని మెయిల్ చేసి, ఆ కాపీ దాచుకోవాలి. పాత ఉద్యోగానికి రాజీనామా ఆ తర్వాతే. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లతో నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది. కనుక అది అడగడానికి మొహమాటం అక్కర్లేదు. బాండ్ షరతు ఉంటే సంతకానికి ముందే చదవాలి. మూడేళ్లు నిండకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పు చెప్పింది.

డబ్బు అడిగిన చోట ఇక మాటలు అనవసరం. రిజిస్ట్రేషన్ ఫీజని, ల్యాప్‌టాప్ డిపాజిట్ అని రూపాయి అడిగినా అది ఉద్యోగం కాదు. గల్ఫ్ వంటి దేశాలకు పంపే ఏజెంట్ల సంగతి వేరు, కానీ వాళ్లు కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉండాలి. వాళ్లు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతే. నీ స్నేహితుల్లో జగిత్యాల, నిజామాబాద్ వైపువాళ్లు ఎవరైనా వెళ్లాలనుకుంటే ఆ శాఖవారి ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఏజెంటు పేరు చూసుకోమను. మోసపోయినవాళ్లు సైబర్ నేరాల నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

ఇంకో నాలుగేళ్లకు నువ్వూ బల్లకు అవతలివైపు కూర్చుంటావు. అభ్యర్థులకు జవాబులు ఎందుకు వెళ్లవో అప్పుడు దగ్గర్నుంచి చూస్తావు. చాలాసార్లు రిక్రూటర్ బద్ధకం వల్ల కాదు. ఇంటర్వ్యూ చేసిన ఇంజినీరు ఫీడ్‌బ్యాక్ ఫారం నింపకుండా మీటింగ్‌కు వెళ్లిపోతాడు. అది అందక రిక్రూటర్ దగ్గర ఫైలు కదలదు. వారం గడిచాక అభ్యర్థి మెయిల్ పెడితే ఏం చెప్పాలో తెలియక రిక్రూటర్ ఊరుకుంటాడు. నువ్వు మాత్రం ఇంటర్వ్యూ అయిన సాయంత్రమే ఆ ఫారం నింపెయ్. తీసుకోవద్దని రాస్తే ఎందుకో రెండు ముక్కలు రాయి. ఎస్‌క్యూఎల్‌లో తడబడ్డాడనో, ప్రాజెక్టులో తన వాటా ఏమిటో చెప్పలేకపోయాడనో తెలిస్తే ఆ కుర్రాడు వచ్చే ఇంటర్వ్యూకు అదొక్కటే చదువుకుని వెళ్తాడు.

ఆశీస్సులతో,
మీ మామయ్య