తప్పు ఎంత? శిక్ష ఎంత?

పిల్లలూ! తరగతిలో ఒక పిల్లవాడు పక్కవాడి పెన్సిలు దొంగిలించాడనుకోండి. వాడికి ఏ శిక్ష తగును? పెన్సిలు తిరిగి ఇప్పించి, తప్పు ఒప్పుకోమంటే చాలునని మీరంటారు. వాడి చెయ్యి నరకమని ఎవరూ అనరు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయరాదని మన పెద్దల మాట. అయితే చట్టాలు చేసేవారికి ఈ సంగతి తెలిసి రావడానికి చాలా కాలం పట్టింది. మన మారిషస్ చరిత్రనే చూడండి.

ఈ దీవి ఫ్రెంచివారి పాలనలో ఉన్నప్పుడు, 1723లో, ఫ్రాన్సు రాజు ఇక్కడి బానిసల కోసం ఒక శాసనం చేశాడు. యజమాని దగ్గరనుండి పారిపోయి ఒక నెల కనబడని బానిసకు రెండు చెవులూ కోయాలి. కాల్చిన ఇనుముతో భుజం మీద పువ్వు గుర్తు వేయాలి. రెండవసారి పారిపోతే మోకాలి వెనుక నరం కోసి, రెండవ భుజం మీద కూడా ఆ గుర్తే వేయాలి. మూడవసారి మరణశిక్ష. ఇంతకూ ఆ మనిషి చేసిన నేరం ఏమిటి? స్వేచ్ఛ కావాలనుకోవడమే! ఇంత భయం పెట్టినా పారిపోయేవారు పారిపోతూనే ఉన్నారు. లె మోర్న్ కొండ మీద దాగి బ్రతికారు.

కఠినమైన శిక్షలు వేస్తే నేరాలు ఆగుతాయని ఆ రోజుల్లో అన్ని దేశాలవారూ నమ్మేవారు. 1764లో ఇటలీలో బెక్కరియా అనే యువకుడు ఒక చిన్న పుస్తకం రాసి ఆ నమ్మకాన్ని ప్రశ్నించాడు. శిక్ష క్రూరంగా ఉండనక్కరలేదు, తప్పకుండా పడుతుందని తెలిస్తే చాలు, నేరం ఎంతో శిక్ష కూడా అంతే ఉండాలి అన్నాడు. చిత్రహింసను, మరణశిక్షను కాదన్నాడు. ఆ పుస్తకం ఎన్నో దేశాల చట్టాలను కదిలించింది.

1810లో ఈ దీవి ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల్లో పనికి భారతదేశం నుండి ఒప్పంద కూలీలను రప్పించారు. కోరంగి, విశాఖపట్నం వైపునుండి ఓడలెక్కిన మన తెలుగువారూ వారిలో ఉన్నారు. వీరికి చెవులు కోయలేదు, నిజమే. జీతమే కోశారు. దానికి ‘డబుల్ కట్’ అని పేరు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి పోతుంది. నెలకు 5 రూపాయల జీతగాడు పది రోజులు మానితే ఇరవై రోజుల కూలి పోయినట్లే. జ్వరంతో పడుకున్నా, యజమాని నమ్మకపోతే అది గైర్హాజరే. కోసిన డబ్బు ఎవరికి చేరేది? ఆ యజమానికే! శిక్షించేవాడికే లాభం వస్తుంటే న్యాయం ఎక్కడ ఉంటుంది?

1867లో మరొక చట్టం వచ్చింది. ఒప్పందం ముగిసిన కూలీ కూడా తన ఫోటో ఉన్న చీటీని, పోలీసు పాసును ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. చీటీ ఇంట్లో మరచి సంతకు పోయినవాణ్ణి సైతం దేశదిమ్మరి అని పట్టుకొని నిర్బంధించేవారు. దొంగతనం లేదు, కొట్లాట లేదు. కాగితం లేకపోవడమే నేరం!

అప్పుడు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట నిర్వాహకుడు కూలీల పక్షాన నిలిచాడు. 1871లో 9,401 మంది పాత కూలీల పేరున గవర్నరుకు అర్జీ రాశాడు. తోటల యజమానులు మండిపడ్డారు. అతన్ని దేశం నుండి వెళ్లగొట్టమన్నారు, వీధిలో కొట్టారు కూడా. అయినా అతడు వెనుదీయలేదు. 1872లో ఇంగ్లండు నుండి విచారణ సంఘం వచ్చింది. 1875లో అది ఇచ్చిన నివేదిక కూలీల గోడు నిజమేనని తేల్చింది. 1878లో కొత్త కార్మిక చట్టం చేశారు. డబుల్ కట్ మాత్రం మరి కొన్నేళ్ళు నిలిచి, తర్వాత పోయింది.

ఇక మన కాలానికి వద్దాం. మారిషస్‌లో చివరి ఉరి 1987లో జరిగింది. 1995లో మరణశిక్షను రద్దు చేశారు. చిన్న నేరాలకు జైలుకు బదులు సమాజసేవ చేయించే చట్టం 2002లో వచ్చింది. నేరస్థుడు కూలి తీసుకోకుండా ఊరికి పనికివచ్చే పని చేస్తాడు. ఇంటి దగ్గరే ఉంటాడు. పిల్లల విషయంలోనూ మార్పు వచ్చింది. 2020 నాటి బాలల చట్టం ప్రకారం 14 ఏండ్లు నిండనివారిని నేరస్థులుగా విచారించరు.

ఇప్పటికీ అందరిదీ ఒకే మాట కాదు. ఘోరమైన హత్య జరిగినప్పుడల్లా ఉరిశిక్షను మళ్ళీ తేవాలనేవారు ఉన్నారు. చనిపోయినవారి తల్లిదండ్రుల దుఃఖం చూస్తే ఆ కోపం మనకు అర్థమవుతుంది. పొరపాటున నిర్దోషిని ఉరితీస్తే ప్రాణం తిరిగి ఎవరిస్తారని రెండవ పక్షంవారు అడుగుతారు.

కొత్త పదాలు
శాసనం – రాజు చేసిన చట్టం
గైర్హాజరు – పనికి రాకపోవడం
దేశదిమ్మరి – పని, ఇల్లు లేక తిరిగేవాడు
అర్జీ – విన్నపం రాసిన కాగితం

ప్రశ్నలు
1. డబుల్ కట్ వల్ల యజమానికి ఎలా లాభం కలిగేది?
2. చీటీ లేకుండా సంతకు పోయిన కూలీ చేసినది నేరమేనా? మీ కారణం రాయండి.
3. మీ ఇంట్లో పెద్దవారిని అడిగి, వారి బడిలో వేసిన శిక్షలను గురించి అయిదు వాక్యాలు రాయండి.