రాజ్యానికి మతం లేదు – మన హక్కులకు అదే అండ

'సెక్యులర్' అనే మాట 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగ ప్రవేశికలో చేరిందని మనం పరీక్షల్లో రాస్తుంటాం. అయితే మాట చేరకముందే, 1950 జనవరి 26 నుంచే ఆ భావం రాజ్యాంగంలో ఉంది. 25 నుంచి 28 వరకు గల అధికరణలు చదివితే ఇది తెలుస్తుంది.

25వ అధికరణ: ప్రతి వ్యక్తికీ తనకు నచ్చిన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు ఉంది. ఇది శాంతిభద్రతలకు, నైతికతకు, ప్రజారోగ్యానికి, ఇతర ప్రాథమిక హక్కులకు లోబడి ఉంటుంది.

26వ అధికరణ: మతశాఖలు తమ మత వ్యవహారాలను తామే చూసుకోవచ్చు.

27వ అధికరణ: ఒక మతాన్ని పెంపొందించడానికి కేటాయించే పన్నును కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదు.

28వ అధికరణ: పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన చేయకూడదు. మనం చదివే ప్రభుత్వ పాఠశాలలు ఇటువంటివే.

మరి ప్రభుత్వం మతం జోలికి అసలు పోకూడదా? అమెరికాలో 1791 నాటి మొదటి సవరణను వివరిస్తూ జెఫర్సన్ 1802లో మతానికీ ప్రభుత్వానికీ మధ్య 'గోడ' అన్నాడు. మన దేశంలో అటువంటి గోడ కట్టి ఊరుకుంటే గుడి తలుపులు మన పెద్దలకు మూసే ఉండేవి. అందుకే 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. హిందువుల బహిరంగ దేవాలయాలను అన్ని వర్గాల హిందువులకూ తెరిచే చట్టాలు చేయవచ్చని 25(2)(బి) చెప్పింది. ఒక మతశాఖకు చెందిన ఆలయమైనా ఈ నియమానికి లోబడవలసిందేనని 1957లో వెంకటరమణ దేవరు కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

రాజ్యాంగం కొద్దిమంది నమ్మకాన్ని కూడా కాపాడుతుంది. 1985లో కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలను బడి నుంచి పంపివేశారు. జాతీయగీతం పాడుతున్నప్పుడు వారు గౌరవంగా నిలబడేవారు, కానీ తమ మత విశ్వాసం వల్ల పాడేవారు కాదు. వారిని తిరిగి చేర్చుకోవాలని 1986లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పు రాసినవారు అంతకుముందు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. లౌకికత్వం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మిత్రులారా! మన హాస్టళ్లు నడిచేది అన్ని మతాల వారూ కట్టిన పన్నులతోనే. ఒకే గదిలో ఒకరు దీపం పెట్టవచ్చు, ఒకరు బైబిలు చదవవచ్చు, మరొకరు బుద్ధుని బాట పట్టవచ్చు, ఇంకొకరు ఏ దేవుణ్ణీ నమ్మకపోవచ్చు. ఒకరి నమ్మకాన్ని మరొకరిపై రుద్దకుండా కలిసి చదువుకోవడమే ఈ అధికరణలను మనం ఆచరణలో పెట్టడం.